ఆంక్షలు పాటించినందుకే కేసు పడితే: చట్ట రక్షణ చేజారకుండా చేయాల్సిన పనులు, వరుసగా

“ఆంక్షల వల్ల సరుకు ఆపేశాం. ఇప్పుడు అవతలి వాళ్లు నష్టపరిహారం అడుగుతున్నారు. చట్టం పాటించినందుకు మేమెందుకు కట్టాలి?” పాఠకుల నుంచి ఈ ప్రశ్న పదే పదే వస్తోంది.

ఫలానా దేశంతోనో, వ్యక్తులతోనో వ్యాపారం వద్దని ఆంక్షలు విధించే చాలా చట్టాల్లో, వాటిని పాటించినవాళ్లకు రక్షణ కూడా రాసి ఉంటుంది. అయితే అది తనంతట తాను వచ్చి మిమ్మల్ని కాపాడదు. ఏ చట్టం వల్ల, ఏ నిబంధన కింద, ఏ రోజున, ఏ ఆధారంతో ఆగారో మీరు చూపించగలగాలి. భయపడి ఆగినా, ఎవరో వద్దన్నారని ఆగినా, వార్తల్లో చదివి ఆగినా ఆ రక్షణ మీది కాకుండా పోవచ్చు.

కింద చెప్పే పనులన్నీ ఆ రుజువు మీ చేతిలో ఉండేలా చూసుకోవడానికే. పెద్ద మొత్తాలు ముడిపడి ఉంటే, సంబంధిత దేశంలో ఆంక్షల కేసులు చూసే లాయర్‌ను మొదటి రోజే కలుపుకోండి.

1. మీకు వర్తించే చట్టం ఏదో ముందు తేల్చుకోండి

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానాలు సభ్య దేశాలకు వర్తిస్తాయి. కంపెనీ దాకా రావాలంటే మామూలుగా ఆ దేశం వాటిని తన చట్టంలోకి తెచ్చుకోవాలి. అమెరికా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్ ఇవి కాక సొంతంగా కూడా ఆంక్షలు పెడతాయి. కాబట్టి “అంతర్జాతీయ ఆంక్షల వల్ల ఆపాం” అనే మాట కోర్టులో సరిపోదు. ఏ దేశపు ఏ చట్టమో చెప్పాలి.

ప్రతి కాంట్రాక్టుకూ ఈ వివరాలు ఒక పేజీలో రాసుకోండి:

□ మీ కంపెనీ, దాని మాతృసంస్థ ఎక్కడ నమోదయ్యాయి
□ ఆ లావాదేవీని ఆమోదించే, నడిపించే ఉద్యోగులు ఏ దేశ పౌరులు, ఎక్కడ కూర్చుని పనిచేస్తున్నారు
□ చెల్లింపు ఏ కరెన్సీలో, ఏ బ్యాంకుల మీదుగా పోతుంది
□ సరుకు, టెక్నాలజీ ఏ దేశంలో పుట్టాయి
□ బీమా, ఓడ, గిడ్డంగి ఎవరివి
□ కాంట్రాక్టుకు వర్తించే చట్టం ఏది, వివాదం ఎక్కడ తేలాలి

డాలర్ చెల్లింపు చాలావరకు అమెరికా బ్యాంకుల మీదుగానే పోతుంది. అందుకే అమెరికాతో ఏ సంబంధమూ లేదనుకున్న కంపెనీకి కూడా అక్కడి చట్టం తగులుతుంది. ఈ లంకె చాలామంది కంటికి ఆనదు.

ఇక్కడే ఇంకో తేడా గమనించాలి. ప్రాథమిక ఆంక్షలు మిమ్మల్ని నేరుగా నిషేధిస్తాయి. ద్వితీయ ఆంక్షలు అలా కాదు. “ఫలానా వాళ్లతో వ్యాపారం చేస్తే మిమ్మల్నీ ఆంక్షల జాబితాలో చేరుస్తాం” అని బయటి దేశపు కంపెనీకి చేసే హెచ్చరిక అది. నిషేధానికి లోబడి ఆగితే దొరికే రక్షణ, హెచ్చరికకు జడిసి ఆగితే దొరక్కపోవచ్చు. రెండో సందర్భంలో మీకు దిక్కు కాంట్రాక్టులో మీరు రాసుకున్న క్లాజే.

2. రక్షణ ఏ నిబంధనలో ఉందో, ఎంతవరకు ఉందో చదవండి

ఇక్కడ రెండు రకాల రక్షణలు ఉంటాయి. మొదటిది బాధ్యత నుంచి మినహాయింపు: చట్టం ప్రకారం చేసిన పనికి మీ మీద బాధ్యత పడదు. రెండోది క్లెయిమ్‌ల మీద నిషేధం: ఆంక్షల వల్ల ఆగిన కాంట్రాక్టు పేరుతో ఫలానా వాళ్లు అడిగే సొమ్ము చెల్లించకూడదు.

ఉక్రెయిన్ విషయంలో రష్యా మీద పెట్టిన యూరోపియన్ యూనియన్ రెగ్యులేషన్ 269/2014 తీసుకోండి. దాని 10వ ఆర్టికల్ ప్రకారం, చట్టానికి అనుగుణంగానే చేస్తున్నామన్న సద్భావంతో నిధులు ఫ్రీజ్ చేసినా, ఇవ్వడానికి నిరాకరించినా కంపెనీకీ, డైరెక్టర్లకూ, ఉద్యోగులకూ బాధ్యత ఉండదు. అయితే నిర్లక్ష్యం వల్ల అలా జరిగిందని అవతలివాళ్లు రుజువు చేస్తే ఈ రక్షణ పోతుంది.

అదే రెగ్యులేషన్‌లోని 11వ ఆర్టికల్ క్లెయిమ్‌లను నిషేధిస్తుంది. ఆ క్లెయిమ్‌కు నిషేధం వర్తించదని చూపించే భారం అడిగేవాళ్లదే. వాణిజ్య ఆంక్షలకు సంబంధించిన రెగ్యులేషన్ 833/2014లోనూ 11వ ఆర్టికల్ ఇలాంటిదే.

ఇందులో ఒక చిక్కుంది. ఈ నిషేధం జాబితాలో ఉన్నవాళ్లకు, రష్యా సంస్థలకు, వాళ్ల తరఫున అడిగేవాళ్లకు వర్తిస్తుంది. వాళ్లతో సంబంధం లేని మూడో దేశపు సరఫరాదారు మీ మీద కేసు వేస్తే 11వ ఆర్టికల్ మిమ్మల్ని కాపాడదు. అప్పుడు వేరే ఆధారం వెతుక్కోవాలి. కాబట్టి “క్లెయిమ్‌లు కుదరవట” అని నిశ్చింతగా ఉండకండి. ఎవరి క్లెయిమ్ కుదరదో చదవండి.

బ్రిటన్‌లో 2018 నాటి ఆంక్షలు, మనీలాండరింగ్ నిరోధక చట్టం 44వ సెక్షన్ చూడాలి. చేసిన పని ఆంక్షల నిబంధనలకు లోబడే ఉందని సహేతుకంగా నమ్మి చేసి ఉంటే సివిల్ దావాలో బాధ్యత ఉండదు. ఇక్కడ కీలకం “సహేతుకంగా” అన్న మాట. నమ్మామని చెబితే చాలదు, ఆ నమ్మకానికి ఆధారం ఉండాలి.

అమెరికాలో అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం, అంటే ఐఈఈపీఏ, సద్భావంతో దాన్ని పాటించినవాళ్లను కోర్టు బాధ్యత నుంచి తప్పిస్తుంది. ఇది అమెరికా కోర్టులకు సంబంధించిన హామీ. వేరే దేశపు కోర్టు దాన్ని గౌరవిస్తుందనుకుని కూర్చోకూడదు.

మీ ఫైల్లో మూడు మాటలు పక్కపక్కనే రాసి పెట్టుకోండి: సద్భావం, నిర్లక్ష్యం లేకపోవడం, సహేతుకమైన నమ్మకం. తర్వాత మీరు చేసే ప్రతి పనీ ఈ మూడింటిలో దేనికో రుజువు కావాలి.

3. కాంట్రాక్టులో ఆంక్షల క్లాజు రాసుకోండి

చట్టం వదిలేసిన ఖాళీని క్లాజు పూడ్చాలి. పాత కాంట్రాక్టు నుంచి కాపీ చేసిన రెండు లైన్లతో ఆ పని జరగదు. కోర్టులు ప్రతి మాటనూ పట్టి చూస్తాయి. దీనికి మూడు ఇంగ్లిష్ తీర్పులు చూడండి.

2018లో మామన్‌కోషె మైనింగ్ కేసు. చెల్లిస్తే బీమా కంపెనీ ఆంక్షలకు గురయ్యే పక్షంలో చెల్లించక్కర్లేదని పాలసీలో ఉంది. చెల్లింపు నిజంగా నిషిద్ధమై ఉంటేనే ఆ క్లాజు పనికొస్తుందని, ఆంక్షలు పడొచ్చన్న రిస్క్ చాలదని కోర్టు చెప్పింది. రిస్క్ ఉన్నా ఆగే హక్కు కావాలంటే ఆ మాట విడిగా రాసుకోవాలి.

2020లో లమేసా, సైనర్జీ బ్యాంక్ కేసు. తప్పనిసరి చట్టానికి లోబడటానికి చెల్లింపు ఆపితే అది ఎగవేత కాదని అప్పు పత్రంలో ఉంది. అమెరికా ద్వితీయ ఆంక్షల భయంతో, అప్పు తీసుకున్న బ్యాంకు లమేసాకు కట్టాల్సిన వడ్డీ ఆపింది. ఆ క్లాజు ద్వితీయ ఆంక్షలకూ వర్తిస్తుందని అప్పీల్ కోర్టు బ్యాంకు పక్షాన తీర్పిచ్చింది. నాలుగు మాటలు ముందే సరిగ్గా పడినందుకు బ్యాంకు గట్టెక్కింది.

మూడోది ఆర్‌టీఐ అనే కంపెనీకి, ఎంయూఆర్ షిప్పింగ్‌కు మధ్య కేసు. ఎంయూఆర్‌కు ఆర్‌టీఐ ఓడ కిరాయి డాలర్లలో కట్టాలి. ఆర్‌టీఐ మాతృసంస్థ మీద 2018 ఏప్రిల్‌లో అమెరికా ఆంక్షలు పడ్డాయి. యూరోల్లో కడతాం, అదనపు ఖర్చు కూడా మేమే భరిస్తామని ఆర్‌టీఐ అంది. ఎంయూఆర్ ఒప్పుకోలేదు. ఫోర్స్ మెజూర్ (చేతిలో లేని అడ్డంకి) క్లాజులోని “సహేతుక ప్రయత్నం” అన్న షరతు కింద, కాంట్రాక్టులో లేని చెల్లింపు పద్ధతిని ఒప్పుకోవాల్సిన పని లేదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2024 మే 15న తేల్చింది. ప్రత్యామ్నాయ కరెన్సీ కావాలనుకుంటే సంతకానికి ముందే రాసుకోవాలన్నమాట.

క్లాజులో ఉండాల్సినవి:

□ ఏయే దేశాల ఆంక్షలు లెక్కలోకి వస్తాయి, పేర్లతో
□ ద్వితీయ ఆంక్షల రిస్క్ కూడా లెక్కలోకి వస్తుందా
□ అవతలి పార్టీ, దాని యజమానులు జాబితాలో లేరన్న హామీ, మార్పు వస్తే వెంటనే తెలపాలన్న బాధ్యత
□ ముందు సస్పెండ్ చేసే హక్కు, ఎన్ని రోజుల తర్వాత రద్దు చేసే హక్కు
□ లైసెన్స్‌కు దరఖాస్తు ఎవరు చేయాలి, ఖర్చెవరిది
□ ఆగిన కాలానికి వడ్డీ, డెమరేజ్ (ఓడను ఆలస్యం చేసినందుకు కట్టే సొమ్ము), నిల్వ ఖర్చు ఎవరి మీద పడతాయి
□ ప్రత్యామ్నాయ కరెన్సీ లేదా బ్యాంకు
□ నోటీసు ఎలా, ఎన్ని రోజుల్లో

ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్), బ్యాంక్ గ్యారంటీల సంగతి వేరు. చట్టాన్ని దాటి బ్యాంకు సొంత పాలసీ దాకా సాగే క్లాజులను వాటిలో పెట్టొద్దని అంతర్జాతీయ వాణిజ్య మండలి, అంటే ఐసీసీ, సలహా ఇస్తోంది. డబ్బు వస్తుందో రాదో చెప్పలేని గ్యారంటీ ఇచ్చి ఉపయోగం లేదు కాబట్టి ఆ సలహా సబబైనదే.

4. అవతలి పార్టీని, దాని వెనకున్న యజమానిని చూడండి

జాబితాలో పేరు లేనంత మాత్రాన సరిపోదు. జాబితాలో ఉన్నవాళ్లకు కలిపి 50 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న సంస్థ కూడా ఫ్రీజ్ పరిధిలోకి వస్తుందని అమెరికా ఆంక్షల కార్యాలయం ఓఫాక్ నియమం. యూరోపియన్ యూనియన్, బ్రిటన్ వాటాతో పాటు అజమాయిషీ ఎవరిదో కూడా చూస్తాయి. తక్కువ వాటాతోనే బోర్డును ఆడించేవాళ్లు అక్కడ దొరుకుతారు.

పేరు కలిసినంత మాత్రాన ఆపేయకండి. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్ నంబరు సరిపోల్చండి. వేరే మనిషి డబ్బు ఆపితే నిర్లక్ష్యం అనే మాట నేరుగా మీ మీదకు వస్తుంది. వెతికిన ప్రతిసారీ తేదీ, సమయం, ఏ జాబితా, ఏం తేలింది అన్న స్క్రీన్‌షాట్‌తో ఫైల్లో పెట్టండి. కాంట్రాక్టు రోజున ఒకసారి, ప్రతి చెల్లింపుకు ముందు మరోసారి వెతకండి.

5. ఆంక్ష తగిలిన రోజు: ఈ వరుస తప్పొద్దు

టెన్షన్‌లో చేసే మొదటి పొరపాటు రద్దు లేఖ పంపేయడం. రద్దు చేస్తే వెనక్కి తీసుకోవడం కష్టం. అది తప్పని తేలితే ఉల్లంఘించిన పార్టీ మీరే అవుతారు. అందుకే ఈ వరుసలో వెళ్లండి.

మొదట, ఆ లావాదేవీ వరకే ఆపండి. బ్యాంకుకు, గిడ్డంగికి, రవాణా మనిషికి రాతపూర్వకంగా చెప్పండి. ఆ పార్టీతో ఉన్న మిగతా పనులన్నీ గుడ్డిగా ఆపొద్దు.

రెండో పని, నిబంధన అసలు పాఠం చదివి, చట్టం ఏం చేయమంటోందో తేల్చుకోండి. ఫ్రీజ్ చేయమంటోందా, నిరాకరించి వదిలేయమంటోందా, కొత్త వ్యాపారం మాత్రమే వద్దంటోందా? ఈ మూడూ ఒకటి కాదు. ఫ్రీజ్ చేయాల్సిన డబ్బును పంపినవాళ్లకే తిరిగి పంపడం మంచితనంలా కనిపిస్తుంది, కానీ అదే ఉల్లంఘన.

ఆ తర్వాత మినహాయింపులు వెతకండి. పాత కాంట్రాక్టులు ముగించుకోవడానికి గడువు ఇచ్చారా? ఆహారం, మందులు, మానవతా సాయానికి మినహాయింపు ఉందా? జనరల్ లైసెన్స్, అంటే విడిగా అడగకుండానే అందరికీ వర్తించే అనుమతి, వచ్చిందా? గడువు ఉండగా దాన్ని చూడకుండా ఆపేస్తే, “మీరు చేయగలిగి కూడా చేయలేదు” అన్న వాదన అవతలివాళ్లకు మీరే అందించినట్టు.

మినహాయింపు లేకపోతే ప్రత్యేక లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టండి. అమెరికాలో ఓఫాక్‌కు, బ్రిటన్‌లో ఆర్థిక ఆంక్షలైతే వాటి అమలు కార్యాలయం ఓఎఫ్‌ఎస్‌ఐకి, యూరోపియన్ యూనియన్‌లో ఆయా సభ్య దేశపు అధికార సంస్థకు. లైసెన్స్ రాకపోయినా దరఖాస్తు పెట్టడం సద్భావానికి గట్టి రుజువు.

రిపోర్టు గడువులు మరిచిపోవద్దు. ఓఫాక్‌కు ఫ్రీజ్ చేసిన ఆస్తి గురించీ, నిరాకరించిన లావాదేవీ గురించీ 10 పనిదినాల్లో తెలపాలి. బ్రిటన్‌లో వీలైనంత త్వరగా అని చట్టం అంటుంది.

చివరగా అవతలి పార్టీకి నోటీసు. క్లుప్తంగా, సస్పెన్షన్ అని మాత్రమే, ఏ క్లాజు కింద, ఏ చట్టం వల్ల అన్నది రాసి పంపండి. మీ హక్కులన్నీ అలాగే ఉన్నాయన్న వాక్యం చేర్చండి. రాజకీయాల గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దు. “మా పాలసీ ప్రకారం” అన్న మాట అసలే వద్దు. ఆ ఒక్క మాటతో చట్టం వల్ల ఆగినవాళ్లు కాస్తా ఇష్టంతో ఆగినవాళ్లవుతారు.

6. నిర్ణయ పత్రం రాయండి

మొత్తం పనుల్లో ఒక్కటే చేసే సమయం ఉందంటే ఇది చేయండి. ఆగిన రోజునే, లేదా మరుసటి రోజున, ఒకటి రెండు పేజీల నోట్ రాసి నిర్ణయం తీసుకున్నవాళ్లు సంతకం చేయాలి. కేసు పడ్డాక రాసిన వివరణకు, ఆ రోజే రాసిన నోట్‌కు కోర్టులో విలువ ఒకటి కాదు.

□ లావాదేవీ ఏమిటి, ఎంత, ఎప్పటికి చేయాలి
□ ఏ చట్టం, ఏ ఆర్టికల్, ఆ రోజు అమల్లో ఉన్న పాఠం కాపీ
□ ఆ చట్టం మీకు ఎందుకు వర్తిస్తుంది
□ యాజమాన్యం, అజమాయిషీ గురించి దొరికిన ఆధారాలు
□ పరిశీలించిన మినహాయింపులు, అవి ఎందుకు కుదరవు
□ ఆలోచించిన ఇతర మార్గాలు, వాటిని ఎందుకు వదిలారు
□ ఎవరు నిర్ణయించారు, ఎవరిని అడిగారు
□ మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారు

లాయర్ ఇచ్చిన సలహాను ఈ పత్రంలో అతికించకండి. అది గోప్యంగా ఉండాల్సినది, వేరే ఫైల్లో పెట్టండి. నిర్ణయ పత్రం మాత్రం రేపు కోర్టు ముందు పెట్టగలిగేలా ఉండాలి.

ఆంక్షలు మారుతుంటాయి. నెలకోసారైనా నోట్‌ను తిరిగి చూసి కింద తేదీ వేయండి. మొదట్లో సహేతుకంగా ఉన్న నమ్మకం, నిబంధన మారాక పట్టించుకోకపోతే అలా నిలవదు.

7. ఒక చట్టం చేయమంటే ఇంకో చట్టం వద్దన్నప్పుడు

యూరోపియన్ యూనియన్ బ్లాకింగ్ రెగ్యులేషన్ 2271/96, దాని అనుబంధంలో ఉన్న కొన్ని విదేశీ ఆంక్షల చట్టాలను తన కంపెనీలు పాటించకూడదంటుంది. క్యూబా, ఇరాన్‌లపై అమెరికా చట్టాలు అందులో ఉన్నాయి. చైనా 2021లో తెచ్చిన విదేశీ ఆంక్షల నిరోధక చట్టం కింద, వివక్షతో కూడిన విదేశీ ఆంక్షలు అమలు చేసి నష్టం కలిగించినవాళ్ల మీద చైనా కోర్టులో దావా వేయొచ్చు.

బ్యాంక్ మెల్లి ఇరాన్, టెలికాం డాయిష్‌లాండ్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం 2021 డిసెంబర్ 21న ఇచ్చిన తీర్పు ఇక్కడ తప్పక తెలుసుకోవాలి. కారణం చెప్పకుండా కాంట్రాక్టు రద్దు చేయొచ్చు. కానీ అమెరికా ఆంక్షల కోసమే రద్దు చేశారని పైకి కనిపించే ఆధారాలుంటే, కాదని రుజువు చేయాల్సింది రద్దు చేసిన కంపెనీయే. అమెరికా ఆంక్షలు పాటించకపోతే పెద్ద నష్టం తప్పదనుకుంటే, 5వ ఆర్టికల్ కింద ముందే యూరోపియన్ కమిషన్ అనుమతి అడగొచ్చు. అడగకుండా వచ్చి నష్టం గురించి మొరపెట్టుకుంటే వాదన బలహీనపడుతుంది.

కాబట్టి రద్దుకు నిజంగా వ్యాపార కారణం ఉంటే, బకాయిలో నాణ్యతలో మరొకటో, దాన్ని జరిగినప్పుడే రికార్డు చేయండి. లేని కారణం తర్వాత పుట్టించకండి. ఈమెయిళ్లు బయటపడతాయి, అప్పుడు సద్భావం అనే మాటే నోట రాదు.

8. కేసు పడ్డాక

ముందు చూడాల్సింది ఎక్కడ పడిందని. ఆంక్షలు విధించిన దేశంలోనో, మీరు ఒప్పుకున్న ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం)లోనో పడితే పై పత్రాలతో గట్టిగా నిలబడొచ్చు. అవతలి దేశపు కోర్టులో పడితే కథ వేరు.

రష్యా 2020 జూన్‌లో తన వాణిజ్య కోర్టుల (అర్బిత్రాజ్) ప్రొసీజర్ కోడ్‌లో 248.1, 248.2 ఆర్టికల్స్ చేర్చింది. ఆంక్షలకు గురైన రష్యా పార్టీలు, కాంట్రాక్టులో విదేశీ ఆర్బిట్రేషన్ ఉన్నా సరే, రష్యా కోర్టుకు వెళ్లొచ్చు. దీనికి బదులుగా యూరోపియన్ యూనియన్ 2024 జూన్‌లో రష్యాపై ఆంక్షల 14వ ప్యాకేజీతో, అలా నష్టపోయిన తన కంపెనీలు సభ్య దేశాల కోర్టుల్లో ఆ నష్టం రాబట్టుకునే దారి ఇచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో 15వ ప్యాకేజీ, 248 కింద వచ్చిన తీర్పులను యూనియన్‌లో గుర్తించడానికి వీల్లేదంది.

కాగితం మీద రక్షణ ఎంతున్నా, మీ ఆస్తులు ఎక్కడున్నాయన్నదే చివరికి తేలుస్తుంది. రష్యా కంపెనీ రుస్‌కెమ్అలయన్స్ మీద యూనిక్రెడిట్ బ్యాంకుకు 2024లో బ్రిటన్ సుప్రీంకోర్టు నుంచి అనుకూల తీర్పు వచ్చింది, రష్యాలో కేసు నడపొద్దని. తర్వాత రష్యా కోర్టు 25 కోట్ల యూరోల జరిమానా బెదిరింపుతో ఎదురు ఉత్తర్వు ఇవ్వడంతో, 2025లో బ్యాంకే ఆ ఇంజంక్షన్ ఎత్తేయమని ఇంగ్లండ్ కోర్టును కోరాల్సి వచ్చింది. ఆ దేశంలో ఉన్న మీ డబ్బు, సరుకు, షేర్లు ఎంత అన్న జాబితా కేసుకు ముందే మీ దగ్గరుండాలి.

సమన్లు వచ్చిన వారంలో:

□ బీమా కంపెనీకి తెలపండి
□ ఈమెయిళ్లు, చాట్లు చెరిగిపోకుండా భద్రపరచమని ఆదేశించండి
□ రాజీ చెల్లింపు ఆలోచన ఉంటే, క్లెయిమ్ నిషేధం దానికి అడ్డమేమో చూడండి. కేసు వదిలించుకుందామని కట్టిన సొమ్మే నేరం కావచ్చు
□ గడువులోగా హాజరు కావాలా వద్దా అన్నది స్థానిక లాయర్‌తో తేల్చుకోండి. హాజరైతే ఆ కోర్టు పరిధిని ఒప్పుకున్నట్టు కావచ్చు

9. ఎక్కువగా కనిపించే తప్పులు, దిద్దుకునే దారి

దేశం పేరు చూసి మొత్తం వ్యాపారం ఆపడం. నిషేధం కొన్ని సరుకులకో, కొందరు వ్యక్తులకో మాత్రమే ఉండొచ్చు. ఇప్పటికే ఆపేసి ఉంటే, నిషేధం లేని భాగాన్ని వెంటనే తిరిగి మొదలుపెట్టండి. ఆలస్యం తగ్గిన కొద్దీ నష్టపరిహారం తగ్గుతుంది.

బ్యాంకు ఆపిందని మీరూ ఆపడం. బ్యాంకు తన రిస్క్ చూసుకుంటుంది, దాని నిరాకరణ మీకు చట్టం కాదు. బ్యాంకు నుంచి రాతపూర్వక కారణం తీసుకుని, వేరే బ్యాంకుతో ప్రయత్నించిన ఆధారం ఉంచండి.

తెలియక నిషిద్ధ చెల్లింపు చేసేయడం. దాచకండి. ఓఫాక్ మార్గదర్శకాల్లో స్వచ్ఛందంగా ముందే తెలిపినవాళ్లకు బేస్ జరిమానా సగానికి తగ్గుతుంది. తెలియదని, అనుమానించే కారణం కూడా లేదని చూపించగలిగితే యూరోపియన్ యూనియన్‌లోనూ బాధ్యత ఉండదు. అది చూపించేది 4వ అంశంలో చెప్పిన స్క్రీన్‌షాట్లే.

పాత ఫైళ్లు పారేయడం. అమెరికాలో ఈ ఉల్లంఘనలపై చర్య తీసుకునే గడువు 2024 ఏప్రిల్‌లో 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెరిగింది. ఓఫాక్ రికార్డులు ఉంచాల్సిన కాలం కూడా 2025 మార్చి 12 నుంచి 10 ఏళ్లే. కంపెనీలో పాత ఐదేళ్ల నియమంతో ఫైళ్లు తొలగించే ఆటోమేటిక్ సెట్టింగ్ ఉంటే ఈరోజే మార్చండి.

ఆంక్ష ఎత్తేశాక పట్టించుకోకపోవడం. సస్పెండ్ చేసిన బాధ్యత చాలా కాంట్రాక్టుల్లో ఆ రోజే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. అసలు ఎంత, వడ్డీ నడిచిందా, ఎన్ని రోజుల్లో సరుకు పంపాలి అన్నది క్లాజులో చూసి, అవతలివాళ్లు అడగకముందే లెక్క సిద్ధం చేయండి. కొన్ని చోట్ల ఆంక్ష పోయినా క్లెయిమ్ నిషేధం మిగిలే ఉంటుంది. ఇరాక్ విషయంలో 1991 నాటి భద్రతా మండలి తీర్మానం 687, ఆ తర్వాత యూరప్ చేసిన రెగ్యులేషన్ 3541/92 అలాంటివే. చెల్లించే ముందు ఆ ఒక్క నిబంధన ఇంకా అమల్లో ఉందేమో చూసి, చూసినట్టు ఫైల్లో తేదీ వేయండి.